యేవా కోసం సాక్ష్యం

ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో తమీలా నోటికి జడవని వాళ్లు తక్కువ. బేకరీలో పిండి కలిపే పని ఆమెది. కూతురు జబ్బుచేసి పోయాక మనవరాలు జ్లాతాను తానే పెంచుతోంది. రష్యా సైన్యం ఊళ్లో తిష్ఠ వేసిన ఏడాది, ఆకులు రాలే కాలంలో, బడివాళ్లు ఇంటింటికీ వచ్చారు. పిల్లల్ని క్రిమియా సముద్రపొడ్డున సెలవుల శిబిరానికి పంపితే ఫిరంగుల మోత తప్పుతుందని, రెండు వారాల్లో తిరిగి తెస్తామని చెప్పారు. తమీలా జ్లాతాను బస్సెక్కించింది. కొన్నాళ్లకు రష్యన్లు నది దాటి వెళ్లిపోయారు, ఊరు మళ్లీ ఉక్రెయిన్‌దైంది. పిల్ల మాత్రం అవతల, రష్యా చేతిలో ఉన్న క్రిమియాలోనే ఉండిపోయింది.

ఫోన్ చేస్తే శిబిరం పెద్దామె, "కావాలంటే మీరే వచ్చి తీసుకెళ్లండి" అంది. యుద్ధంలో ఈ ముసలిది ఎలా వస్తుందిలే అని ఆమె ధీమా. తమీలా బయల్దేరింది. పిల్లల్ని వెనక్కి తెచ్చే ఒక సంఘం సాయంతో పోలండ్, బెలారుస్, రష్యా చుట్టి చేరింది. రష్యా సరిహద్దులో ఒక అధికారి పొద్దంతా కూర్చోబెట్టి ప్రశ్నలేశాడు.

"అక్కడ పిల్లకి తిండైనా పెట్టగలవా?"

"బేకరీ దాన్ని పట్టుకుని అడిగే మాటేనా నాయనా అది?"

జ్లాతా పొడుగైంది, చిక్కింది. దగ్గరికి రాలేదు.

"నేనొద్దని నువ్వే అన్నావంట కదా."

"ఎవరే ఆ కూసింది? పిలువు, నా ముందు అనమను!"

అప్పుడు ఏడ్చింది పిల్ల. ఆమె వెనకే, పక్క మంచం పిల్ల యేవా నిలబడి చూస్తోంది. అనాథాశ్రమం నుంచి తెచ్చిన పిల్ల, నా అన్నవాళ్లు లేరు.

"దీన్ని కూడా తీసుకుపోదాం అమ్మమ్మా."

తమీలా అడిగింది. "నువ్వు దానికేమవుతావు?" అంది పెద్దామె. ఏమీ కాదు మరి. ఇద్దరే తిరిగొచ్చారు.

తరువాత తెలిసింది, యేవాను రష్యాలో ఎవరికో పెంపకానికిచ్చారట, పేరు కూడా మార్చారట. జ్లాతాకి అన్నం దగ్గర కూడా అదే మాట. చివరికి తమీలా కోర్టుకెళ్లి యేవాకు సంరక్షకురాలిగా తన పేరు వేయించుకుంది.

ఆ రోజుల్లోనే సంఘం లాయరు ఉల్యానా వచ్చింది. సముద్రాల అవతలి ఒక దేశపు పార్లమెంటులో చట్టం పెడుతున్నారంది. ఎత్తుకుపోయిన పిల్లల్ని తిరిగివ్వకపోతే రష్యాను ఉగ్రవాదాన్ని పోషించే దేశంగా ప్రకటించి, వ్యాపారం కట్టడి చేస్తారట.

"మీరు వీడియోలో సాక్ష్యం చెప్పాలి పిన్నిగారూ."

"చెప్తే యేవా వస్తుందా?"

"చెప్పలేను."

"పోనీ, అబద్ధం చెప్పలేదు నువ్వు" అని ఒప్పుకుంది తమీలా.

ఆ రోజు ఇస్త్రీ జాకెట్టు తొడుక్కుని కెమెరా ముందు కూర్చుంది. తన ప్రయాణం గురించి రెండు ముక్కల్లో ముగించి యేవా సంగతి ఎత్తుకుంది. ఒక సభ్యుడు మర్యాదగానే అడిగాడు, మీ మనవరాలు ఇంటికొచ్చింది కదా, ఈ చట్టం మీకెందుకని.

"మా పిల్ల కోసం పోవడానికి నేనున్నానయ్యా. యేవాను అడిగితే, దానికేమవుతావని నన్ను తరిమేశారు. మిమ్మల్నైతే తరమలేరు."

అనువాదం చేస్తున్న అమ్మాయి ఆ మాట ఉన్నదున్నట్టు వాళ్లకు చెప్పింది.

చట్టం చాలా నెలలు నానింది. "ప్రకటించి తీరాలి" అన్నచోట "ప్రకటించవచ్చు" అని మెత్తబరిచి, చివరికి నెగ్గించారు. ఉల్యానా ఫోన్‌లో ఆ తేడా విడమరచి చెబితే తమీలా ఆ సభ్యులందర్నీ పేరుపేరునా తిట్టింది, పేర్లు తెలియనివాళ్లను మొహాల గుర్తుతో తిట్టింది. ఆ శిబిరం నడిపేవాళ్ల మీద ఆంక్షలు పడ్డాయి. ఆ వసంతంలో కొందరు పిల్లలు తిరిగొచ్చారు. వాళ్లలో యేవా లేదు.

ఉల్యానా మళ్లీ ఫోన్ చేసింది. "ఇంకో దేశంలో కూడా ఇలాంటి చట్టమే పెడుతున్నారు పిన్నిగారూ. మాట్లాడతారా?"

"మాట్లాడక? పొద్దుటి షిఫ్టు లేని రోజు చూడు తల్లీ" అంది తమీలా, చేతికంటిన పిండి దులుపుకుంటూ.