ఐదో బీము

నాకు ఊరికే గాబరా పడే జబ్బు ఉంది. గ్యాసు కట్టేశానా లేదా అని మొయినాబాద్ బస్టాపు దాకా వచ్చి మళ్లీ ఇంటికి నడిచిన రోజులు బోలెడు. "నీ ఫికరుకు ఏ దవాఖానల మందు లేదు" అంటుంది మా ఆవిడ. పాపం, ఆమెకు తెలియదు. ఈ చిల్లర ఫికర్లన్నిటి వెనకా అసలు ఫికరు ఒకటి పదకొండేళ్లుగా ఉంది. చేవెళ్ల పోయే రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు ఉంది, దాని పైకప్పులో ఉంది ఆ ఫికరు. బస్సు ఆ హాలు ముందుకు రాగానే నేను తల రెండో వైపు తిప్పుకునేవాణ్ని.

అది కట్టినప్పుడు అక్కడి ఇంజినీరును నేనే. ఇప్పుడు కాంక్రీటు పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. మొన్న వేసవిలో ఒక పొద్దున మా మేడమ్ పిలిచారు. ఆవిడది కోస్తా, మాట మెత్తన.

"మీ వైపు పని వచ్చిందండీ. ఫంక్షన్ హాలు మీద ఇంకో అంతస్తు వేస్తారట. లోపల కేబుళ్లు, గ్రౌటు ఎలా ఉన్నాయో చూసి రిపోర్టు ఇవ్వాలి. ఓనరు గారు మిమ్మల్నే పంపమన్నారు. కట్టినాయనే చూస్తే ధైర్యంగా ఉంటుందట."

ఆ హాలే. పోనని చెప్పొచ్చు. ఎందుకు పోవు అంటే ఏం చెప్పను? డ్రాయింగు తీసుకున్నాను. తొమ్మిది బీములు. మేడమ్ మూడు చోట్ల ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు: రెండో బీము, నాలుగు, ఎనిమిది. ఐదో బీము మీద ఏమీ లేదు. ఆ క్షణం నాకు కలిగింది సంతోషమే. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఇది తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. పెళ్లి హాలు మధ్యలో స్తంభాలు ఉంటే బాగుండదు కాబట్టి పొడుగాటి బీముల్లో రేకు గొట్టాలు పెట్టి, వాటిలో ఉక్కు కేబుళ్లు వేస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక జాకీతో ఆ కేబుళ్లను లాగి బిగిస్తారు. బరువంతా మోసేది ఆ బిగువే. ఈ బీములు పెళ్లి హాలు మీదా, పక్కన భోజనాల హాలు మీదా ఏకంగా పోతాయి. రెండింటి నడుమ గోడలో స్తంభాల వరుస ఉంది. బట్టలారేసే తాడులాగా కేబుల్ రెండు హాళ్ల మీదా కిందికి వంగి, నడిమి స్తంభం దగ్గర పైకి లేస్తుంది. తర్వాత గొట్టం నిండా సిమెంటు పాలు ఎక్కించాలి. అదే గ్రౌటు. అది నిండితే ఉక్కుకు తుప్పు పట్టదు. ఎక్కడైనా ఖాళీ మిగిలితే లోపల ఉక్కు తినుకుంటూ పోతుంది, బయట మాత్రం బీము మీద ఒక్క మచ్చ కూడా కనపడదు. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఈ చివరి ముక్కే.

ఖాళీ మిగిలేది ఎత్తైన చోట, అంటే నడిమి స్తంభం మీద. అందుకని అక్కడ చిన్న పైపు పెట్టి ఉంచుతారు. ముందు పల్చగా నీళ్లు వస్తాయి. దోసెల పిండిలా చిక్కగా వచ్చేదాకా వదిలి, అప్పుడు పైపు మడిచి కట్టాలి. అంతే. చిన్న పిల్లలకు చెప్పినా అర్థమవుతుంది.

మా వైపు స్లాబు పడితే యాట కోసి కూలీలందరికీ భోజనం పెట్టాలి. ఓనరు అన్న మొయినాబాద్ రైతు, మనసున్న మనిషి. కేబుళ్ల పని కూడా పూర్తికానిమ్మని ఆగి, గ్రౌటు ఎక్కించే ఆఖరి రోజున కోశాడు. ఆ రోజు ఐదో బీము మిగిలింది. మధ్యాహ్నం ఎండ. పంపు మొరాయిస్తోంది, గ్రౌటు బిగుసుకుపోతోంది. మేస్త్రీ రెండు మగ్గులు నీళ్లు ఎక్కువ పోశాడు. చూశాను, ఊరుకున్నాను. కింద టెంటులో కూలీలంతా విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఇంజినీరు ముద్ద నోట్లో పెట్టందే ఎవరూ తినకూడదని ఓనరు పట్టుదల.

"సారూ! కూర సల్లారుతున్నది. నువ్వొస్తెనే అందరు తింటరు, జర జల్ది రా!" అని కింద నుంచి ఓనరు అన్న కేకేశాడు.

పైపులోంచి ఇంకా నీళ్లే వస్తున్నాయి. మరో మూడు బకెట్లన్నా పోనివ్వాలి. కింద అంతమంది నా కోసం ఆకలితో కూర్చున్నారు. నాకూ ఆకలిగానే ఉంది.

"కట్టెయ్" అన్నాను. నా బుద్ధి గడ్డి తింది.

పదకొండేళ్ల తర్వాత అదే కప్పు మీద కాలు పెట్టాను. నాతో డ్రిల్లింగు చేసే అన్న ఉన్నాడు, ఊరు ఎంకపల్లి, మాటకారి. ఓనరు అన్న కుర్చీ తెప్పించుకుని గొడుగు కింద కూర్చున్నాడు.

"గీ బిల్డింగు నీ చేతుల మీదనే లేసింది సారూ. నువ్వు మంచిగున్నదంటే సాలు, ఇంకెవ్వల మాట ఇన."

ఇంత నమ్మకాన్ని తట్టుకోవడం కంటే నాలుగు తిట్లు తినడం నయం.

కేబుల్ ఎక్కడుందో మిషనుతో వెతికి, నడిమి స్తంభం మీద మెల్లగా తవ్వాం. గొట్టం రేకు తగలగానే డ్రిల్లు ఆపి, చేత్తో కోసి తెరిచాం. రెండో బీములో గ్రౌటు బండలా ఉంది. మందు చల్లితే గులాబీ రంగు తిరిగింది. రంగు తిరిగితే గ్రౌటు ఇంకా ఉక్కును కాపాడుతున్నట్టు లెక్క. కొంచెం గీకి చూస్తే ఉక్కు తళతళలాడుతోంది. నాలుగు, ఎనిమిది కూడా అంతే.

"అయిపాయె! ఇగ పైన రూములు కట్టుకుంట" అని ఓనరు అన్న లేచి, మజ్జిగ తెమ్మని కిందికి కేకేశాడు. ఎంకపల్లి అన్న వైరు చుడుతున్నాడు. బండి ఎక్కి వెళ్లిపోతే అయిపోయేది. రిపోర్టులో ఒక్క అబద్ధం కూడా ఉండదు. మూడు చోట్ల చూశాం, మూడూ బాగున్నాయి. నేను అలాగే మెట్లదాకా నడిచాను. పైన ఇంకో అంతస్తు బరువు పడితే? వెనక్కి తిరిగాను.

"అన్నా, వైరు చుట్టకు. ఇంకొకటి తియ్యాలె."

"లిస్టుల మూడే ఉన్నయ్ గద సారు?"

"ఐదోది తీద్దాం."

సుద్దముక్కతో నేనే గీత గీశాను. మిషనుతో వెతకలేదు.

రేకు తెరవగానే తడి వాసన. లోపల గ్రౌటు లేదు. అడుగున విభూతిలా తెల్లటి పొడి మాత్రం ఉంది. మందు చల్లితే రంగు రాలేదు. సన్నటి కెమెరా లోపలికి తోశాను. ఉక్కు తీగలు ఎర్రగా, పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఒక తీగ తెగి, రెండు కొనలు ఎడంగా ఉన్నాయి. మాటకారి ఎంకపల్లి అన్న తెర మీద అది చూసి, "అమ్మో" అని ఊరుకున్నాడు.

ఓనరు అన్నకు అంతా విడమరిచి చెప్పాను. ఆసరాకు ఉక్కు స్తంభాలు నిలబెట్టేదాకా హాల్లో పురుగు కూడా ఉండకూడదన్నాను. ఆయన వాదించలేదు. వాచ్‌మన్‌ను పిలిచి గేటుకు తాళం వేయించాడు. ఆదివారం పెళ్లి ఉన్న వాళ్లకు ఫోను చేసి, "తప్పు నాదే, వేరే హాలు నేనే సూపిస్త" అన్నాడు. తప్పు నాదే అని ఆయన అంటుంటే నేను పక్కనే నిలబడి విన్నాను.

ఫోను పెట్టేసి నా వైపు చూశాడు.

"ఐదోది లిస్టుల లేకపాయె. మిషను వెట్టకుంటనే గీత గీస్తివి. గీడనే ఉన్నదని నీకెట్ల ఎరుక?"

చెప్పాను. "ఆ దినం పైపు కట్టమన్నది నేనే అన్నా. ఇంక నీళ్లే వస్తున్నయని తెలుసు. తెలిసే కట్టమన్న."

ఆయన వంగి ఆ గుంతలోకి చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నా బిడ్డ లగ్గం గిండ్లనే అయింది" అన్నాడు మెల్లగా. "నువ్వొచ్చినవ్. లోపలికి రా, అక్షింతలెయ్యి అని నేను చెయ్యి వట్టి గుంజిన. ఫోనొచ్చిందని గేటు కాడికి వోయినవ్. మళ్ల లోపలికి రాలే."

ఆయన గుంత మీంచి నా వైపు తిరిగాడు.

"గందుకేనా?" అన్నాడు. "మమ్ములందర్ని లోపల ఉంచి?"

ఆ రోజు నాకు ఏ ఫోనూ రాలేదు. ఆ మాటే చెప్పాను.