జాడీ కింద క్రికెట్ కార్డులు

ఎనభైల్లో, నూజివీడు కోడలిగా నా మొదటి వేసవి అది. మావారిది మామిడికాయల వ్యాపారమే గానీ, ప్రాణమంతా బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డుల మీదే. బెజవాడ ఎగ్జిబిషన్‌లో ఒక పెద్దాయన కార్డులు పరీక్షించి గ్రేడు ఇస్తారని తెలిసి, వంకర తిరిగిన కార్డుల్ని కాగితంలో చుట్టి నాకిచ్చారు.

"ఏదైనా బరువు కింద పెట్టు. పొట్లం మాత్రం విప్పకు, మూలలు నలిగిపోతాయి."

కొత్తావకాయ జాడీని ఎవరూ ముట్టుకోరు కదా అని దాని కిందే పెట్టాను. మూడో రోజు అత్తగారు తిరగ కలుపుతారన్న సంగతే మర్చిపోయాను. ఆ మర్నాడు తెల్లవారుజామున బస్సుకి టైమైపోతుంటే, జాడీ ఒరగించి పొట్లం లాగి సంచీలో పడేశాను.

ఎగ్జిబిషన్‌లో పెద్దాయన పొట్లం విప్పారు. తిరగ కలిపినప్పుడు జాడీ వెంట కారిన ఎర్రటి నూనెలో ఆటగాళ్లందరూ నిగనిగలాడుతున్నారు. ఆయన భూతద్దంతో దగ్గరగా వంగి, గట్టిగా తుమ్మారు.

"కార్డులు తిన్నగానే ఉన్నాయండీ, కానీ మచ్చ పడింది" అంటూ అట్టడుగు గ్రేడు వేశారు.

ఇంటికి రాగానే మావారు జరిగిందంతా వాళ్లమ్మకి చెప్పారు. అత్తగారు మాత్రం మమ్మల్నేమీ అనకుండా, సీసా నిండా ఆవకాయ పెట్టి కొడుకు చేతిలో పెట్టారు.

"నా ఆవకాయని మచ్చంటాడా? రేపెళ్లి ఇది తినిపించు. అప్పుడు అడుగు, ఏ గ్రేడో."

కార్డుల గ్రేడు మారలేదు. సీసా మాత్రం నాకేసినట్టు ఖాళీగా తిరిగొచ్చింది. అత్తగారు దాన్ని కార్డుల పక్కనే అద్దాల బీరువాలో పెట్టారు. ఇప్పటికీ చుట్టాలొస్తే మేం ముందు చూపించేది ఆ సీసానే.