మా తలుపు దగ్గర మరొకడి గొంతు

మా ఆవిడ పాడిన పాటను నేను రేడియోలో మొదటిసారి విన్నది కంపెనీ వ్యాన్‌లో, దోహా నుంచి ఉత్తరానికి పోయే రోడ్డు మీద. మదీనత్ అల్ షమాల్‌లో మా కంపెనీ కడుతున్న బడికి నేను టైమ్ కీపర్‌ని. ఎవరు ఎన్నింటికి పనిలో దిగారు, ఎన్నింటికి వదిలారు అన్నది చూసుకోవడం నా డ్యూటీ. అంతకుముందు చాలా ఏళ్లు కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. పేజీలు తగ్గించినప్పుడు మనుషుల్నీ తగ్గించారు. అలా ఇక్కడికొచ్చాను.

వ్యాన్ నడిపేది కడప జిల్లా అతను. ఇక్కడి ఎఫ్ఎంలో పొద్దున ఒక గంట తెలుగు పాటలు వస్తాయి. ఆ గంటలో అతను ఎవరినీ మాట్లాడనివ్వడు. ఆ రోజు డప్పు మోత, దాని వెనుక ఏదో గిటారు, ఆ రెండింటి మధ్యలోంచి మా ఆవిడ గొంతు.

"ఎవరయ్య వాకిట్ల, ఎవరయ్య నువ్వు, ఏ తొవ్వ దుమ్మయ్య నీ కాళ్ల నిండ?"

అది మా వైపు తలుపు పాట. చాలాకాలానికి ఇల్లు చేరిన మొగుడు వాకిట్లో నిలబడి పిలుస్తాడు. పెళ్లాం తలుపు తీయదు. లోపలి నుంచే ఒక్కొక్క ప్రశ్న అడుగుతుంది. పెళ్లిళ్లలో ఆడపిల్ల తరఫువాళ్లు తలుపు మూసి పెళ్లికొడుకును ఇలాగే నిలదీస్తారు. ప్రశ్నలు ముత్తవ్వల నాటివి, మారవు. జవాబులు మాత్రం ఎవరూ నేర్పరు. బయట నిలబడ్డవాడు తాను నిజంగా ఎక్కడి నుంచి వస్తున్నాడో దాన్నే పాటగా కట్టుకోవాలి. లోపలివాళ్లకు నచ్చితేనే గొళ్లెం తీస్తారు.

పెళ్లయిన కొత్తలో డెస్కు పని ముగించుకుని నేను ఇంటికి చేరేసరికి వాడంతా పడుకుని ఉండేది. మా ఆవిడ లోపలి నుంచి సన్నగా ఒక ప్రశ్న పాడేది. ఆ రోజు నేను దిద్దిన వార్తల్లోంచే నేను జవాబు అల్లేవాణ్ణి. మార్కెట్ యార్డులో తడిసిన మక్కల వాసన నా అంగీకి పట్టిందని ఒకసారి, కరెంటు ఆఫీసు ముందు ధర్నాలో నా చెప్పు తెగిందని ఒకసారి. నవ్వు వినపడ్డాక తలుపు తెరుచుకునేది. ఖతర్ వచ్చాక ఆట ఫోన్లోకి మారింది. ఆమె ప్రశ్న పాడి వాయిస్ మెసేజ్ పంపేది. నేను సైటు దుమ్మును, వ్యాన్ ఏసీ చల్లదనాన్ని, అల్ షహానియా దగ్గర రోడ్డు దాటే ఒంటెల్ని చేర్చి జవాబు పంపేవాణ్ణి.

వాళ్ల చిన్నాన్న కూతురి పెళ్లిలో ఆమె పాడుతుంటే ఎవరో వీడియో తీశారు. అది తిరిగి తిరిగి హైదరాబాద్‌లో ఒక మ్యూజిక్ డైరెక్టర్ చేతికి చిక్కింది. రికార్డింగ్‌కు రమ్మంటున్నారని ఆమె అడిగితే వెళ్లి రమ్మన్నాను. ఒక పూట సరదా, అంతకుమించి ఏమీ రాదనుకున్నాను. జిల్లా పేజీలో అడుగున నాలుగు లైన్లకు సరిపోయే సంగతి అని నా అంచనా. ఆ పాటలో జవాబు ఎవరు చెబుతారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

వ్యాన్‌లో ఆ జవాబు వినిపించింది. పాతికేళ్లు దాటని గొంతు, మెత్తగా, తేనెలో ముంచి తీసినట్టు. "నీ ప్రేమ దారిలో నడిచొచ్చినానే, నా గుండె చప్పుడే తాళం చెవే" అన్నాడు.

ఆమె అడిగింది ఏ తొవ్వ దుమ్ము అని. వీడు గుండె గురించి చెబుతున్నాడు. డెస్కులో అయితే ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి వెనక్కి పంపేవాణ్ణి. కానీ రేడియోలో తలుపు తెరుచుకుంది. గొళ్లెం చప్పుడు కూడా కలిపారు.

డ్రైవర్ సౌండ్ పెంచి, "ఆ యమ్మి గొంతు సూడన్నా. అట్ల పిలుస్తాంటే వాడు యాడున్నా రాకుండా ఉంటాడా?" అన్నాడు.

నేను కిటికీలోంచి ఇసుకను చూశాను.

ఆ తర్వాత పాట నన్ను వదల్లేదు. దోహాలో నేనుండే ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మలయాళీ టీ కొట్టు కుర్రాడు ముక్కలు ముక్కలుగా పాడేవాడు. హిందీ ఎఫ్ఎం వాళ్లూ వేశారు. ఊళ్లో మా అక్క ఫోన్ చేసి, దుబాయ్‌లో కూడా వస్తున్నదటగా అని మురిసింది. ఆమెకు గల్ఫంతా దుబాయే. అందరూ పొగిడేది ఆ ఇద్దరినీ కలిపి. జంట బాగుంది అనేవారు. జంట అనే మాట నాకు పంటికింద రాయిలా తగిలేది. ఏదో చిన్న సంగతి అడిగినట్టుగా నేను ఆమెను అడిగాను, ఆ పిల్లవాడు ఎలాంటివాడు అని. మంచోడు, నన్ను అక్కా అంటాడు అని చెప్పింది. ఆ మాటతో నాకు ఊరట కలగలేదు.

పాడింది మా ఆవిడేనని డ్రైవర్‌కు చెప్పక తప్పలేదు. ఎక్కడో తెలిసి నన్నే నిలదీశాడు. అప్పటి నుంచి పాట మొదలు కాగానే నావైపు తిరిగి, "అన్నా, మీ ఇంటి తలుపుకాడ ఎవడో ఉండాడు, పోయి సూసుకో" అనేవాడు. బండిలో వాళ్లంతా నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఇక్కడి తెలుగువాళ్లు ఒక బడి ఆడిటోరియంలో పాటల సభ పెట్టి ఆ ఇద్దరినీ పిలిపించారు. నా జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. ఇన్నేళ్లుగా నేను పిలవలేని మనిషిని పాట పిలిచింది. విమానాశ్రయంలో పూలగుత్తులు పట్టుకున్నవాళ్ల వెనుక నిలబడ్డాను. మరుసటి రోజు హోటల్‌కు వెళితే, ఎవరి కోసం వచ్చారని కౌంటర్‌లో అడిగారు. నా భార్య కోసం అని చెప్పి కూర్చుని ఎదురుచూశాను.

ఆమె కాస్త చిక్కిపోయింది. గోళ్లకు కొత్తగా రంగు వేసుకుంది. ఇంటి సంగతులు అయ్యాక నా మనసులోది బయటపెట్టాను. సభలో జవాబు నేను చెబుతాను. ఒక్కసారి, ఈ ఊళ్లో, ఆమె ఎదురుగా ఆ తలుపు దగ్గర నేనుండాలి. ఆమె నన్ను కాసేపు చూసి, ఆ పిల్లవాణ్ణి అడుగుదామంది.

అతను కాదంటే నాకు బాగుండేది. సభ రోజు మధ్యాహ్నం రిహార్సల్‌లో నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. గోదావరి వైపు కుర్రాడు. "తప్పకుండా పాడండన్నయ్యా. అసలు మనిషి మీరే కదా, నేను అరువు గొంతుని" అని మైకు నా చేతికిచ్చాడు. అసూయ పడటానికి కూడా చోటివ్వని మర్యాద.

సంగీతమంతా ముందే రికార్డు చేసి ఉంది. దాన్ని వేశారు. ఆమె అడిగింది, ఏ తొవ్వ దుమ్మయ్య అని. నేను ఎత్తుకున్నాను. సముద్రం పక్కన కొత్త బడి, దాని గోడల సున్నం, పొద్దున్నే ఎక్కే వ్యాన్ మెట్టు. మెట్టు దగ్గర ఉండగానే డప్పు మోగింది. ఆమె రెండో ప్రశ్నలోకి వెళ్లిపోయింది. మళ్లీ వేశారు. ఈసారి వ్యాన్ వదిలేశాను. అయినా సున్నం దగ్గరే తెగింది. ఒకరి వార్తను కోసి పేపర్ కాలమ్‌కు సరిపెట్టడం నాకు కొట్టిన పిండి. నా జవాబును కూడా అలాగే కోశాను. చివరికి సరిపోయింది. తీరా వింటే అందులో ఒక ఊరి పేరు, దుమ్ము అనే మాట తప్ప ఏమీ మిగల్లేదు. దానికంటే ఆ పిల్లవాడి గుండె చప్పుడే నయం.

"పేపరోళ్లకు మాటలు జాస్తి" అంది ఆమె మైకులో. సౌండు మనిషి కూడా నవ్వాడు. పిల్లవాడు నా పక్కకొచ్చి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వేలితో నా భుజం మీద తట్టి చూపించాడు. మైకు అతనికి ఇచ్చేశాను.

బయట కరక్ చాయ్ కాగితపు కప్పుల్లో పోయించుకుని గోడ నీడకు నిలబడ్డాం. ఆమే అంది:

"గా పాట మనది కాదయ్యా ఇగ. నువ్వు ఎంతసేపు చెప్పినా నేను ఆగుత. అది ఆగదు."

"వానితోటి మంచిగనే కుదిరింది" అన్నాను.

"కుదిరింది" అంది, దాచకుండా. "పాడుతుంటె మంచిగనిపిస్తది. గది గూడ చెప్పొద్దా నీకు?"

చెప్పొద్దని ఎలా అంటాను. చాయ్ ఒలికి చెయ్యి కాలింది.

సాయంత్రం హాలు నిండింది. క్యాంపుల నుంచి బస్సులు వచ్చాయి. మూడో వరుసలో కుర్చీ ఇచ్చారు నాకు. ఆకుపచ్చ చీరలో ఆమె వేదిక మీద నిలబడి మొదటి ప్రశ్న అడగగానే పిల్లవాడు మైకును జనం వైపు తిప్పాడు. నా వెనుక హాలంతా, నిజామాబాద్ వాళ్లు, జగిత్యాల వాళ్లు, సీమ డ్రైవర్లు, ఒకే గొంతుతో జవాబు చెప్పారు. నా గుండె చప్పుడే తాళం చెవే అని. ఇళ్లకు వెళ్లి ఏళ్లయిన మగవాళ్లు. కొందరు కళ్లు మూసుకున్నారు. ఎవరి వాకిట్లో వాళ్లు ఉన్నారు. ఒకడి మీద కుళ్లుకోవడం నాకు అలవాటైంది. ఇంతమంది మీద ఎలా కుళ్లుకోవాలో తెలియలేదు. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు నేను ఇంతవరకు గొంతుగానే ఎరుగుదును. తలుపు అవతల అది ఎలా ఉండేదో ఇప్పుడు చూశాను, వాళ్లందరితో పాటు.

సభ అయ్యాక ఫోటోల కోసం మూగారు. ఒకతను నా చేతిలో ఫోన్ పెట్టి, "అన్నా, జర మంచిగ తియ్యి, అక్క నిండుగ రావాలె" అన్నాడు. తీశాను. పిల్లవాడు ఒక పక్క, అతను ఒక పక్క, మధ్యలో ఆమె.

భోజనాల దగ్గర మా ఇద్దరికీ ఒక బల్ల దొరికింది. హైదరాబాద్‌వాళ్లు ఇంకో పాట చేయమంటున్నారని, ఈసారి నాట్ల పాట అని, మగ గొంతు మళ్లీ అతనిదేనని చెప్పింది. పొయ్యేముందు వాళ్లకు మాటియ్యాలె అంది. ప్లేటు మీద చెయ్యి ఆపి నా మొహం చూసింది.

"నీకు సమ్మతమేనా?"

"కాదు" అన్నాను.

ఆమె కళ్లు దించలేదు.

"కాదు గని, పాడు. నువ్వు పాడకుంటె నేను ఇంకింత కుళ్లుత."

ఆమె తల ఊపి, నా ప్లేటులోంచి పాపడ్ ముక్క విరుచుకుని, అవతలి బల్ల దగ్గరున్న పిల్లవాణ్ణి చెయ్యెత్తి పిలిచింది.