బీదరు కోట మెట్ల మీద సత్తెమ్మక్క

సత్తెమ్మక్క ఇక లేదన్న వార్త మంగళవారం ఉదయం ఆమె కోడలు లలిత ఫోన్లో చెప్పింది. నేనప్పుడు అమీన్‌పూర్ నుంచి ఆఫీసుకు వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాను. "అత్తమ్మ పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది మేడమ్, మల్ల లేవలే" అంది. "అలాగా" అన్నాను.  తర్వాతి స్టాపులో దిగి, ఎటు వెళ్లాలో తోచక చాలాసేపు రోడ్డు పక్కనే నిలబడిపోయాను. ఇన్నేళ్ల సాన్నిహిత్యం ఒక్క వాక్యంతో గతమైపోయిందని మనస్సు అంగీకరించలేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్న క్షణానికీ అంగీకరించడం లేదు.

పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీలో పనిచేసిన వారికి ఆమెను పరిచయం చేయనక్కరలేదు. ఎరుగని వారి కోసం చెబుతాను. సత్తెమ్మక్క మా క్యాంటీన్‌లో వంటమనిషి. ఇస్నాపూర్ పక్క పల్లెలో తరతరాలుగా సేద్యం చేసిన కుటుంబం వాళ్లది. ఫ్యాక్టరీ నిలిచిన నేలలో కొంత వాళ్ల పొలమే. "గా బాయిలర్ ఉన్నకాడనే మా బాయి ఉండె. నీళ్లు చెరుకురసం లెక్కుండేటివి" అని ఒకసారి చూపించింది. ఆ మాటలో ఆక్రోశం లేదు, ఫిర్యాదు లేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గంజి వార్చాలి, అంతే. ఆ నిరాడంబరమైన ధైర్యాన్ని నేను మరెవరిలోనూ చూడలేదు.

నేనప్పుడు అక్కడే, హాజరు పట్టీలు రాసే టైమ్ ఆఫీసులో గుమస్తాను. కోస్తా నుంచి నాన్నగారి ఉద్యోగం వెంట వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం మాది. ఎనభైల చివరి రోజులవి. భోజన విరామంలో ఒంటరిగా కూర్చుని, బస్టాండు దగ్గర అద్దెకు తెచ్చుకున్న నవల చదువుకుంటుంటే, ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చింది.

"ఏందమ్మా గది? గంత నవ్వుకుంట సదువుతున్నవ్?"

"కథ సత్తెమ్మగారూ. కవాటపురి అని ఒక మాయానగరం."

"నాకు సదువు రాదు. జెర పెద్దగ సదువు, నేను సుత ఇంట."

అలా మొదలైంది. కవాటపురి నవలలు పదకొండు. ఏడు ద్వారాల నగరాన్ని ఒక మాంత్రికుడు వశం చేసుకుంటే, నీళ్లు మోసే కందళి అనే పిల్ల దాన్ని విడిపించడం ఇతివృత్తం. రచయిత యౌవనంలో బీదరు కోటను చూసి ఆ నగరాన్ని ఊహించాడని మొదటి నవల ముందుమాటలో ఉంది. ఆ సంగతి చదివిననాడే సత్తెమ్మక్క తీర్మానించేసింది: "అయితే ఒకపారి పోయి సూడాలె."

శ్రోతగా ఆమె సామాన్యురాలు కాదు. నాలుగో నవల మధ్యలో నన్ను ఆపి, "ఇంతమంది సైన్యం ఏం తింటున్నరు? ఒక్కపారి సుత పొయ్యి ముట్టియ్యకపాయె" అని నిలదీసింది. మహావిమర్శకులకు తట్టని ప్రశ్న అది. 

ఒకరోజు మా సూపర్‌వైజరు వచ్చి, "డ్యూటీల గీ పురాణం ఏంది?" అని గద్దించాడు. నేను పుస్తకం మూసేశాను. సత్తెమ్మక్క కదల్లేదు. "గీ అరగంట మాది సారూ. మీరు సుత కూసోండ్రి, కథ మంచిగున్నది" అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. రెండు రోజుల తరువాత టిఫిన్ డబ్బాతో వచ్చి మా వెనక బల్ల మీద కూర్చున్నాడు.

పదకొండో నవల దగ్గర నాకు పరీక్ష ఎదురైంది. అద్దె పుస్తకంలో చివరి పుటలు చినిగిపోయి ఉన్నాయి. ఎంత వెతికినా మరో ప్రతి దొరకలేదు. సత్తెమ్మక్క అప్పుడే ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకుని ఉంది. కథ ముగింపు కోసమే ఎదురుచూస్తోంది. మంచం పక్కన కూర్చుని, లేని పుటలను ఉన్నట్టు నటిస్తూ నేనే కల్పించి చదివాను. కందళి మాంత్రికుణ్ణి జయించింది; సింహాసనం ఎక్కమని జనం ప్రార్థించారు; ఆమె మాత్రం మూడో ద్వారం మెట్ల మీద కూర్చుని, కాళ్లు చాపుకుని నిద్రపోయింది. సత్తెమ్మక్క చివరి దాకా విన్నది. ఆ అసత్యం నా గుండెలో ముల్లులా మిగిలిపోయింది.

రెండేళ్ల తర్వాత గాని బీదరు ప్రయాణం కుదరలేదు. ఆమె భర్త నర్సింలు, "ఏ జాతరకు పోతున్నరు?" అని అడిగాడు. "జాతర కాదు, కథల ఊరు" అంది సత్తెమ్మక్క. జహీరాబాదు దాకా బస్సులో నిలబడే వెళ్లాం. అక్కడ గంట నిరీక్షణ, మళ్లీ మరో బస్సు. దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఏళ్ల తరబడి పొయ్యి ముందు నిలబడ్డ మోకాళ్లు ఆమెవి; అడుగడుగుకూ ఆగుతూ నడిచింది. ఎర్రరాతి గోడలు, కొండను తొలిచిన కందకం చూడగానే మాత్రం ఆమె ముఖం వికసించింది. "అగ్గో, గిదే కందకం! గీన్నే గదా కందళి కుండ పగిలింది!" అంది. అక్షరం రాని ఆ తల్లి పదకొండు నవలలనూ హృదయంలో లిఖించుకుంది.

తరువాత నేను భయపడుతున్నదే జరిగింది. మూడో ద్వారం దగ్గర ఆగి మెట్ల కోసం వెతికింది. కావలి ముసలాయనను పిలిచి, కందళి అనే పిల్ల అలసిపోయి కూర్చున్న మెట్లు ఏవని ఉర్దూలో అడిగింది. ఆయన నవ్వి, "యహాఁ తో సబ్ థక్‌కే బైఠ్‌తే, అమ్మా" అన్నాడు. ఇక్కడ అందరూ అలసిపోయి కూర్చునేవాళ్లేనట.

ఇక దాచలేకపోయాను. "అక్కా, ఆ మెట్లు పుస్తకంలో లేవు. చివరి కాగితాలు చినిగిపోయాయి. నేనే కల్పించాను" అన్నాను.

ఆమె అక్కడున్న ఒక మెట్టు మీద మెల్లగా కూర్చుంది. 

"నాకు ఎర్కనే" అంది. "పదకొండు పుస్తకాలల్ల ఒక్కలకు సుత అలుపు రాలే. గుర్రాలకు సుత రాలే. కందళి కాళ్లు సాపంగనే అనుకున్న, గిది నువ్వు చెప్పిన ముచ్చటని."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తవని సూసిన. రెండేండ్లు సూసిన. కథ కట్టుడు తప్పు కాదు చెల్లె. నాకు చెప్పకపోతివి, గది తప్పు."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. మూట విప్పి జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. "నేనైతే నువ్వు చెప్పిన మెట్లు సూడనీకే వచ్చిన. గివే అనుకుందాం, తిను" అంది. నన్ను 'చెల్లె' అని పిలవడం ఆనాటి నుంచే.

ఆ తర్వాత కాలం మమ్మల్ని మెల్లమెల్లగా వేరు చేసింది. ఫ్యాక్టరీ మూతపడింది. నాకు నగరంలో వేరే ఉద్యోగం, అమీన్‌పూర్‌లో ఇల్లు, రోజుకు మూడు గంటల బస్సు ప్రయాణం. ఇస్నాపూర్ ఎంతో దూరం కాదు. అయినా ఆదివారం వచ్చేసరికి ఒళ్లు లేచేది కాదు. పోయిన నెలలో ఆమే ఫోన్ చేయించింది. "పానం మంచిగ లేదు, ఒకపారి వచ్చిపో" అంది. వచ్చే ఆదివారం వస్తానన్నాను. వెళ్లలేదు. ఆ ఆదివారం ఏం చేశానో కూడా ఇప్పుడు గుర్తు లేదు. పడుకుని ఉంటాను.

మంగళవారం ఆ ఇంటికి చేరేసరికి వాకిలి నిండా బంధువులు. గోడ వారగా చెప్పుల దగ్గర నిలబడ్డాను. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెవరమ్మా? ఏమైతవ్?" అని అడిగింది. కలిసి పనిచేశామని చెప్పబోయాను. లలిత లోపలి నుంచి వచ్చి నా చేయి పట్టుకుంది. "మా అత్తమ్మ చెల్లె" అని చెప్పి, ఇంటి ఆడవాళ్ల వరుసలో, అక్క శిరస్సుకు దగ్గరగా నన్ను కూర్చోబెట్టింది. ఎవరూ మరొక ప్రశ్న వేయలేదు.

సత్తెమ్మక్కా, నీకు నా ప్రణామం. పుస్తకం తెరిస్తే చదవగలను. ఒక పుట చదివి ఊపిరి కోసం ఆగితే, "మల్లేమాయె?" అని అడిగే మనిషి నాకింక లేదు.