చేప తలకాయల మామయ్య

మా మేనమామకు ఈ మధ్య జుట్టుకు రంగు వేసుకునే సరదా పుట్టింది. గోళ్లకూ రంగే. ఎవరైనా నవ్వితే నాకు చిర్రెత్తుకొస్తుంది, ఎంతైనా మామయ్య కదా. పేరు రోవీనా. పుట్టింది దక్షిణాన బంగాళాదుంపలు పండే ఒక దీవిలో. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో చేపల శాస్త్రవేత్త.

ఆమెను పిలిపించింది మా వేటగాళ్ల సంఘం. సముద్రం నుంచి మా నదిలోకి ఎక్కే చార్ చేపల మంచిచెడ్డలు చూడటం ఆమె పని. జీతం మేమే ఇస్తున్నాం కాబట్టి తిట్టే హక్కు కూడా మాదేననుకున్నాం, మొదటి ఏడాది ఆ హక్కును బాగానే వాడుకున్నాం. ఆమె మా పెనం మీది బానక్ రొట్టె చేస్తే పడవకు లంగరుగా పనికొచ్చేది. వాళ్లమ్మ విమానంలో బంగాళాదుంపల బస్తా పంపితే సగం దారిలోనే గడ్డకట్టి రాళ్లయ్యేవి. రోవీనా వాటినే ఉడకబెట్టి, కళ్లనీళ్లు పెట్టుకుంటూ తినేది.

అసలు కథ ఆ మరుసటి వసంతంలో జరిగిన ఫోను సమావేశంతో మొదలైంది. సంఘం గదిలో బల్ల మీద ఫోను పెట్టె, చుట్టూ మా పెద్దవాళ్లు, ఓ పక్కగా రోవీనా. పెట్టెలోంచి దక్షిణాది చేపల ఆఫీసు అధికారి గొంతు వినిపించింది. "మీ నదిలో పెద్ద చేపలు అయిపోయాయని మా అనుమానం. వచ్చే ఏడాది నుంచి నదీముఖంలో వలలు ఆపేద్దామనుకుంటున్నాం. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

దుబాసీ ఆ ప్రశ్నను మా భాషలో చెప్పేసి, సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికి పోయాడు. గదిలో ఉన్న ముసలివాళ్లంతా కనుబొమ్మలు పైకెత్తారు. మా దగ్గర అవుననడానికి అంతే, నోరు అరగదీసుకోం. కాదంటే ముక్కు ముడుస్తాం. పానిక్‌పాక్ అత్తయ్య అయితే తలగుడ్డ వెనక్కి జారేంత ఎత్తింది. నదీముఖంలో ఆ వల చోటు ఆవిడది, ఆవిడ మొగుడు కుబ్లూ మామయ్యది. పెళ్లయిన నాటి నుంచి ఏ వేసవీ తప్పకుండా అక్కడే గుడారం వేశారు. మామయ్య పోయి అప్పటికి ఒక్క చలికాలం గడిచింది.

పెట్టెకు కళ్లెక్కడివి? "ఎవరికీ లేదన్నమాట. చాలా సంతోషం," అని అధికారి ఫోను పెట్టేశాడు. మౌనం అర్ధాంగీకారమని కనిపెట్టినవాడెవడో మా ఊరు రాలేదు.

ఊరి రేడియో నడిపేది నేనే. సంగతి తెలిసి రోవీనాను రేడియో గదిలోకి లాక్కొచ్చి నిలదీశాను.

"అక్కడే ఉన్నావు కదా, వాళ్ల మొహాలు చూళ్లేదూ?"

"చూశాను. ఆశ్చర్యపోయారనుకున్నాను."

"ఏమే, గదిలో ఉన్న ముసలోళ్లంతా ఒక్కసారే ఆశ్చర్యపోతారా?"

పాపం, ఆ పూటే అధికారికి ఫోను చేసి బతిమాలింది. ఆయన ఒక దారి వదిలిపెట్టాడు. ఈ వేసవిలో పట్టిన చేపల వయసులు తేల్చి పంపాలి. ముసలి చేపలు ఇంకా ఉన్నాయని తేలితే మళ్లీ మాట్లాడదాం అన్నాడు. చేప వయసు దాని చెవిలో ఉండే చిన్న రాయిలో తెలుస్తుంది. ఆ రాయి తలకాయలో ఉంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

చార్ చేపలో తలకాయను మించిన ముక్క లేదు. బుగ్గలు, కళ్లు, కళ్ల వెనకాల కొవ్వు. అలాంటిది రోవీనా రేడియోలో కూర్చుని, "దయచేసి తలకాయలు నాకివ్వండి," అంది. ఫోన్లు మోగిపోయాయి.

కుబ్లూ మామయ్యతో జీవితమంతా వేటకెళ్లిన నౌల్లాక్ ముందుగా అందుకున్నాడు. "వల నాది, పడవ నాది, తలకాయ మాత్రం నీదా? తోక కావాలంటే చెప్పు, ఇస్తా."

ఇంకో ముసలామె, "మా కుక్కకీ తలకాయే కావాలమ్మా. కానీ అది రేడియోకెక్కి అడుక్కోదు," అంది.

వేసవి వచ్చింది. రోవీనా ప్రతి గుడారానికీ తిరిగింది. అందరూ టీ ఇచ్చారు, తలకాయ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరికి పానిక్‌పాక్ అత్తయ్య గుడారానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. అత్తయ్య ఉలూ కత్తితో చేపను కోస్తుంటే, ఈవిడ తలకాయ మీద నుంచి చూపు తిప్పుకోకుండా, "అవ్వా, ఒక్క తల. ఒక్కటంటే ఒక్కటి," అని అడుగుతూనే ఉంది.

అత్తయ్య కత్తి కింద పెట్టింది. "తలకాయ కోసం నన్నిలా పీక్కుతిన్నవాడు ఈ భూమ్మీద ఒక్కడే. రెండు బుగ్గలూ వాడే నాకేసేవాడు, నాకో ముక్క మిగిల్చిన పాపాన పోలేదు. ఏమే, రాత్రి నీ కాళ్లు చల్లబడతాయా?"

"మంచుగడ్డలే."

"గురక పెడతావా?"

రోవీనా ఎర్రబడింది. "పెడతానని అంటారు."

అత్తయ్య గుమ్మం వైపు చూసింది. రోవీనా విడిచిన బూట్లు, వచ్చేపోయేవాళ్ల కాళ్లకు తగిలేలా, సరిగ్గా అడ్డంగా పడి ఉన్నాయి. బూట్లు ఇలాగే అడ్డంగా విడిచే మామయ్యతో ఆవిడ పోట్లాడని రోజు లేదు.

"వచ్చావా ముసలోడా!" అని అత్తయ్య ఏడుస్తూ నవ్వుతూ ఆమె మెడ పట్టుకుంది. తలకాయ తీసి చేతుల్లో పెట్టింది. ఆ క్షణం నుంచి రోవీనా పేరు కుబ్లూ. పోయినవాళ్ల పేరు ఎవరికి పెడితే, మాకు వాళ్లే ఆ మనిషి. పేరు వచ్చాక మనిషి రాకుండా ఎక్కడికి పోతాడు? మర్నాడు రేడియోలో నేనే చెప్పాను, మా మామయ్య తిరిగొచ్చాడని.

ఇక తలకాయలే తలకాయలు. శాస్త్రానికి ఇవ్వనివాళ్లు కుబ్లూకి ఇవ్వరా? కాకపోతే అందరూ ఉడకబెట్టి తెచ్చేవారు, ఎదురుగా కూర్చుని తినిపించేవారు. చుట్టం తెచ్చిన కూడును సంచిలో వేసి మూతి కట్టడం ఏం మర్యాద? మొదటి రోజు రోవీనా తన కళ్లు మూసుకుని చేప కన్ను మింగింది. వారం తిరిగేసరికి కన్ను ముందు తినాలా, బుగ్గ ముందు తినాలా అని నాతోనే వాదనకు దిగింది. నూకగింజంత తెల్లరాళ్లను నాలుకతో వెతికి పట్టి టీ డబ్బాలో ఉమ్మేది. ఉడికినా వాటికేమీ కాదట.

తిండితో పాటు తిట్లూ వచ్చాయి. "పేకాటలో నన్ను మోసం చేసి చచ్చిపోతే తప్పించుకున్నావనుకున్నావా?" అని నౌల్లాక్ ముక్కలు పంచేవాడు. ఆమెకు ఆ ఆటే రాదు, అయినా మోసం చేసినట్టే లెక్క. అత్తయ్య బూట్ల దగ్గర మొదలుపెట్టి పెళ్లినాటి సంగతుల దాకా వెళ్లేది. రోవీనా తల వంచుకుని, "ఇకమీదట చెయ్యను," అనేది. మంచు పడే నాటికి ఆమె కోటు జిప్పు పొట్ట దగ్గర ఆగిపోయింది.

సముద్రం గడ్డకట్టాక మళ్లీ ఫోను సమావేశం జరిగింది. ఈసారి నేనూ వెళ్లాను. రోవీనా చక్కగా వివరించింది. నదిలో ముసలి చేపలు దండిగా ఉన్నాయి, కొన్ని ఆ దుబాసీ పిల్లాడి కంటే పెద్దవి. అధికారి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, "అయినా జాగ్రత్త మంచిది. ఒక్క ఏడాదికి మూసేస్తున్నట్టు రాసుకుంటాను. శాస్త్రవేత్తవి నువ్వు చెప్పు రోవీనా, నీకేమైనా అభ్యంతరమా?" అన్నాడు.

అత్తయ్య వయసులో ఒక్క ఏడాదంటే తక్కువ కాదు. అందరం రోవీనా వైపు తిరిగాం.

రోవీనా కనుబొమ్మలు పైకెత్తింది. అంత అందంగా మాలో ఎవరూ ఎత్తలేరు. ఎత్తి, చెప్పాల్సింది చెప్పేసిన దానిలా కుర్చీలో వెనక్కి వాలింది. మాకూ ఏ లోటూ తోచలేదు. అవునంది కదా, ఇంకేం కావాలి?

"సరే, లేదన్నమాట..." అంది పెట్టె. దుబాసీ యథాప్రకారం సిగరెట్టు దగ్గరున్నాడు.

పానిక్‌పాక్ అత్తయ్య పుట్టి బుద్ధెరిగాక ఫోనులో మాట్లాడింది లేదు, మొహం లేనివాళ్లతో మాటలేమిటని. అలాంటిది ఒక్క ఉదుటున లేచి, ఆ పెట్టెను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని అరిచింది.

"ఉందిరా నాయనా! మా ఆయనకి అభ్యంతరం ఉంది! అంత పైకెత్తి చూపించాడు కదరా, కనపళ్లేదా నీకు?"

అధికారికి మా భాష రాదు. "ఎవరది? ఏమంటున్నారు?" అని కంగారుపడ్డాడు.

రోవీనా కుర్చీలోంచి అదిరిపడి లేచింది. మొహం కందగడ్డయింది. "ఆవిడ... నా భార్య," అంది. "నాకు అభ్యంతరం ఉందని చెబుతోంది. ఉంది. చాలా ఉంది."

అవతల ఆయన ఏ కనుబొమ్మలు ఎత్తాడో మాకెలా తెలుస్తుంది? చివరికి, "సరే, వలలు వేసుకోండి," అన్నాడు. నౌల్లాక్ బల్ల గుద్దిన గుద్దుకు ఫోను తెగిపోయింది.

మరుసటి వేసవి నదీముఖంలో అత్తయ్య వలకు పడిన మొదటి చేప బలమైనది. తలకాయ ఉడకబెట్టి రోవీనా ముందు పెట్టింది. "ఇది ఆఫీసుకి కాదు, నీకే. తిను ముసలోడా."

రోవీనా ఒక బుగ్గ తినేసింది. తలకాయను తిప్పింది. రెండో బుగ్గను వేళ్లతో ఊడదీసి అత్తయ్య నోటి దగ్గర పెట్టింది.

అత్తయ్య ఆ ముక్కను, ఆమె మొహాన్ని మార్చి మార్చి చూసింది. తర్వాత నోరు తెరిచి అందుకుంది. నమిలినంతసేపూ కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"చచ్చాకైనా బుద్ధొచ్చింది," అంది.