బామ్మర్ది ఇచ్చిన హౌసింగు

మా బాపుకు ఒక పాత జీపుండేది. చెరుకు సీజన్ వచ్చిందంటే దాని ఎనక చిన్న ట్రాలీ తగిలించి, మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చిన చెరుకు కొట్టేటోళ్లను, వాళ్ల పిల్లజెల్లను, గిన్నెలు గోనెసంచులతో సహా బోధన్ నుంచి రుద్రూర్ దిక్కు పొలాలకు చేరవేసేటోడు. ఆ పని ఏటేటా బాపుకే దొరికేది. ఎందుకంటే నిండు లోడుతోటి కాలువకట్ట ఎక్కేది మా జీపొక్కటే. వేరే బండ్లోళ్లు కట్ట కింద మందిని దించి నడిపిచ్చేటోళ్లు. మా ఇంట్ల పొయ్యి వెలిగిందంటే ఆ కట్ట ఎక్కుడు వల్లనే.

తొంభైలల్ల ఒక ఏడు గేరుబాక్సు పోయింది. మా అన్న నిజామాబాద్ పోయి, పాత సామాన్లమ్మే గల్లీల వెతికి ఐదు గేర్ల బాక్సు పట్టుకొచ్చిండు. "ఇగ ఇది జీపు కాదు, కారే" అని వాడకట్టంత చెప్పుకుంట తిరిగిండు. అది రోడ్డు మీద ఉరికే బండిది. మొదటి గేరుల పాతదానంత బలం లేదు. అయినా ఎనక చక్రాలను తిప్పే పాత హౌసింగే ఉంటే ఎట్లనో గుంజుకొచ్చేది.

గంతల్నే అన్న బామ్మర్ది దిగిండు. ఆయనకు ట్యాక్సీలున్నయి. కొత్త బాక్సుకు మంచి జోడైతదని, తన దగ్గరున్న ఎనక హౌసింగును, లోపలి పండ్ల చక్రాలతో సహా తెచ్చి ఊరికెనే ఇచ్చిండు. వదిన దానికి పసుపు కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టిండ్రు. పిల్లనిచ్చినోళ్లు మనసార ఇచ్చిన వస్తువును మా దిక్కు ఎవలన్న వద్దంటరా? పాతది విప్పి షెడ్డుల పడేసిండ్రు.

నాకు అప్పటికి పెండ్లి కాలె. ఇంట్ల బీడీలు చుట్టేదాన్ని. కానీ చిన్నప్పటి సంది బాపుకు జాకీ అందిచ్చింది, పానాలు తుడిచిచ్చింది నేనే. అన్న ఏనాడు చేతికి గ్రీసు అంటనియ్యలె. బాపే నాకు నేర్పిండు: "గేరు న్యూట్రల్ల పెట్టి ఒక్క చక్రమే లేపినవనుకో, దాన్ని రెండు చుట్లు తిప్పాలె బిడ్డా. గంతసేపట్ల కింద షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో సూడు. ఎక్కువ తిరిగితే బండికి బలం, తక్కువ తిరిగితే ఉరుకుడు."

హౌసింగు బిగించినంక షాఫ్టు మీద, టైరు మీద సుద్దతోటి గీతలు పెట్టి తిప్పి సూసిన. పాతది ఐదు చుట్లు దాటేది. ఇది నాలుగు కూడ నిండలె. అందరు చాయ్ తాగుతుంటె వాళ్ల ముంగట్నే అడిగిన: "బాక్సేమో ఉరికేదే, హౌసింగేమో ఉరికేదే. మరి కట్ట మీద గుంజేదెవరు, మా తాతనా?"

"నీ బీడీలు నువ్వు చుట్టుకో పో. బండ్ల ముచ్చట నీకెందుకే?" అని అన్న గుర్రుమన్నడు. బామ్మర్ది చాయ్ గ్లాసు సగంల పెట్టి లేచిపోయిండు. బాపు తన గ్లాసులకే సూసుకుంట చాయ్ తాగిండు.

సీజన్ మొదలైంది. మొదటి లోడుకే జీపు కట్ట నడుమ గడగడ వణికి ఆగిపోయింది. క్లచ్ ప్లేటు కమురు వాసన. చెరుకు కొట్టేటోళ్లు చంటిపిల్లలను సంకనేసుకొని దిగి, మరాఠీల తిట్టుకుంట జీపును నూకిండ్రు. తెల్లారి గదే కథ. వారం తిరగకముందే చెరుకు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆ పని వేరే బండాయనకు ఇచ్చేసిండు. బాపు జీపు తెచ్చి ఇంటి ముంగట పెట్టి మంచానికి ఒరిగిండు. రోడ్డు మీద మాత్రం మస్తు ఉరుకుతదట, అన్న అందరికి చెప్తనే ఉన్నడు. థూ!

పాత హౌసింగు షెడ్డుల్నే ఉండె. ఒక్క పూట పని. మళ్ల ఎక్కిస్తే మా బతుకు మాకు వస్తది. ఆగలేక అడిగిన, "బాపూ, నువ్వన్న ఒకపారి తిప్పి సూడరాదే?"

"బిగించిన నాడే సూసిన బిడ్డా. నువ్వు చెప్పింది నిజమే."

"తెలిసి ఎందుకు నడిపినవ్? తెలిసి ఎందుకు ఊకున్నవ్?"

"అది విప్పితే వాళ్లను కాదన్నట్టైతది. మీ అన్న అత్తగారింట్ల తలెత్తుకుంటడా?" మంచం మీద లేచి కూసుండి మళ్ల అన్నడు, "హౌసింగిచ్చిన మీ బావ నీ మాటకు అలిగిండు. ఐతారం వస్తున్నడు. నువ్వే ఒక మాట అను. నా కోసం."

నా కోసం అట! ఆ మాట అన్నందుకు బాపు మీద నాకు ఇప్పటికీ కోపం పోలె. పోదు కూడ.

ఐతారం కోడిని కోసిండ్రు. ముగ్గురు వరుసగ కూసున్నరు, బాపు, అన్న, బామ్మర్ది. నేను కూర వడ్డిస్తున్న. బాపు నా దిక్కు సూడకుంటనే దగ్గిండు.

"నాదే తప్పు బావా. చుట్లు తప్పు లెక్కపెట్టిన. నువ్విచ్చిన హౌసింగు మంచిదే" అని చెప్పిన.

"పోనీ తియ్, ఆడపిల్లవు, నీకేం తెలుసు" అని బామ్మర్ది పెద్దగ నవ్విండు. అన్న నవ్విండు. బాపు కూడ నవ్విండు.