ఆగుతానని చెప్పిన ఎత్తు

చదరంగంలో అతని మీద నావి రెండే గెలుపులు. రెండూ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు తినేశాక బోర్డు ముందు కూర్చునేది ఇద్దరమే, నేనూ, యాకుత్‌పురా నుంచి వచ్చే ఆ సహోద్యోగీ. నాలుగేళ్లలో ఒక్కసారీ అతన్ని గెలవలేదు. అతనికి ఫలక్‌నుమా వైపు బదిలీ అయ్యాక ఆట ఇంటర్నెట్‌కు మారింది. నేను మలక్‌పేటలో, అతను తన గల్లీలో, నెట్ సెంటర్‌కు వెళ్లి రోజుకో ఎత్తు వేసేవాళ్లం. ఎత్తుకు ఏడు రోజుల గడువు. అది దాటితే అవతలివాడు బటన్ నొక్కి గెలుపు తీసుకోవచ్చు. నొక్కకపోతే ఆట అలాగే ఆగి ఉంటుంది.

ఆ ఏడు రంజాన్‌లో ఫోన్ చేశాడు.

"భాయ్, రేపు సాయంత్రం నుంచి ఇతికాఫ్ కూసుంటున్న. పండుగ చాంద్ కనిపించేదాక మసీదులనే ఉంటా. నా ఎత్తు ఏసేసిన. మీరు జర ఐదారు రోజులు ఆగి ఎయ్యుండ్రి, నా గడువు పండుగ దాక ఒస్తది."

"దానికేముంది, ఫికర్ చేయకండి," అన్నాను.

నిజంగానే ఆగుదామనుకున్నాను. మర్నాడు బోర్డు చూస్తే అతని గుర్రం నా రాణికీ ఏనుగుకీ ఒకేసారి ఎసరు పెట్టి ఉంది. మళ్లీ ఓటమే. ఒళ్లు మండింది. అప్పటికే సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయిపోయింది, అతను మసీదులో ఉంటాడని తెలుసు. తెలిసే రాణిని పక్కకు జరిపాను.

ఎనిమిదో రోజు వెళ్లి బటన్ నొక్కాను. ఆఫీసులో అందరికీ చాయ్ తాగించాను కూడా.

పండుగనాడు స్టీలు డబ్బాలో షీర్‌ఖుర్మా పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంకా నెట్ సెంటర్ మొహం చూడలేదు.

"భాభీ, సారు ఆగుతా అన్నరు గాబట్టి నాకు ఆట ఫికరే లేకుండె," అన్నాడు మా ఆవిడతో. "నిమ్మళంగ దువా చేసుకున్న. మీ ఇంటి కోసం గూడ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "ఆ సైటులో ఈమధ్య ఏవో తప్పులొస్తున్నాయట," అన్నాను. ఎవరూ అడగలేదు. అనుమానపడతాడేమోనని షీర్‌ఖుర్మా రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

తర్వాత చూసే ఉంటాడు. కొత్త ఆట మొదలుపెట్టాడు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో. ప్రతిసారీ డీఏ బకాయిల గురించి మాట్లాడి పెట్టేశాను.

మరుసటి ఏడు ఇతికాఫ్ రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు నడుస్తున్న ఆటలో అతనికి ఒక ఏనుగు ఎక్కువ, నాలుగు ఎత్తుల్లో నా పని అయిపోయేది. ఈసారి అడిగితే గడువు చివరిదాకా ఆగాలని, అప్పుడే పాత సంగతీ చెప్పేయాలని వారం ముందే అనుకున్నాను. ఫోన్ రాలేదు. ఇతికాఫ్ మొదలయ్యే ఇరవయ్యో రోజా సాయంత్రం నెట్ సెంటర్‌కు వెళ్లి పేజీ తెరిచాను.

ఓడిపోయానని ఒప్పుకుని, ఆట నాకు వదిలేసి, మసీదుకు వెళ్లిపోయాడు.